మార్చి పన్నెండు నాటి నల్లకాగితం

ఇరవై ఆరుగురిని ఆసుపత్రి పాలు చేసిన ముప్పు డబ్బాలోని మందులో లేదని, డబ్బా మూతికి బిగించిన గోరంత నాజిల్‌లో ఉందని ప్రభుత్వ ల్యాబు అనలిస్టుకు తెలిసేసరికి మధ్యాహ్నం రెండున్నర దాటింది.

గంటన్నర కూడా మిగల్లేదు. నాలుగు కొట్టగానే గోదాము తలుపులకు వేసిన సీలు తీసేస్తారు. లోపల నలభై వేల డబ్బాలున్నాయి. బయట వాన పడుతోంది. అవి సాయంత్రానికల్లా దుకాణాల్లో ఉంటాయి.

పోయిన వారం భాగంలో అనలిస్టును మనం నీరసంగా, ఓడిపోయిన మొహంతో వదిలేశాం. వానలు మొదలైన నాటి నుంచి బూట్ల మీద కొట్టుకునే ఒక స్ప్రే జనాన్ని వరసగా పడుకోబెడుతోంది. అది కొడితే తోలుకు నీరంటదు, ముత్యాల్లా జారిపోతుంది. కొట్టిన గంటలోపే దగ్గు, ఆయాసం, జ్వరం. మొదట ఇద్దరు, తర్వాత తొమ్మిదిమంది, ఇప్పుడు ఇరవై ఆరుగురు. బస్టాండు మెట్ల పక్కన చెప్పులు కుట్టే పెద్దాయన ఇంకా మెషీను ఇచ్చే ఊపిరితోనే ఉన్నాడు. అధికారులు గోదాముకు పదిహేను రోజుల సీలు వేసి, డబ్బాలను ప్రభుత్వ ల్యాబుకు పంపారు. అనలిస్టు ఆ మందును పదకొండుసార్లు పరీక్షించింది. పదకొండుసార్లూ అది ఏ పాపం ఎరగనట్టే నిలబడింది.

ఆ పదిహేను రోజులూ జవాబు ఆమె కాళ్ల దగ్గరే పడి ఉంది.

ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. గంటకోసారి లైను మీంచి ఒక డబ్బా తీసి, చేయి చాపినంత దూరం నుంచి నల్లటి అట్టకాగితం మీద ఒక్కసారి కొట్టి చూస్తారు. మందు ఆరితే తెల్లటి చుక్కలు మిగులుతాయి. చుక్కలు సమంగా పరుచుకుంటే డబ్బా బాగున్నట్టు. కాగితం వెనక తేదీ, సమయం రాసి దారానికి గుచ్చుతారు. ఆ తర్వాత దాని మొహం చూసేవాడుండడు. సీలు వేసిన రోజున ఆ కట్టలు కూడా ల్యాబుకు వచ్చాయి. రూలు వాటిని పరీక్షించమనలేదు కాబట్టి ల్యాబు అధిపతి వాటిని గాలికి కొట్టుకుంటున్న తలుపుకు అడ్డం పెట్టించాడు. మాటకు ముందొక క్లాజు, వెనకొక క్లాజు చెప్పే ఆయన్ని ల్యాబులో అందరూ క్లాజుగారనే అంటారు.

ఇవాళ ఆ కట్టకు ఆమె కాలు తగిలి దారం తెగింది. నల్లకాగితాలు నేలంతా పరుచుకున్నాయి. విసుక్కుంటూ కూర్చుని ఏరుతున్న మనిషి చేతులు మధ్యలో ఆగిపోయాయి.

మార్చి పదకొండు సాయంత్రం ఆరింటి కాగితం దాకా తెల్లటి చుక్కలు ఆవగింజల్లా ఉన్నాయి. మార్చి పన్నెండు పొద్దున ఎనిమిదింటి కాగితం మీద చుక్క అన్నదే లేదు. అద్దం మీద నోటితో ఊదినట్టు పల్చటి తెలుపు.

ఆమె లేచి, చెప్పులు కుట్టే పెద్దాయన అరలో దొరికిన పోయిన ఏడాది డబ్బా ఒకటీ, గోదాములోని కొత్త డబ్బా ఒకటీ తెచ్చింది. మాస్కు బిగించింది. గాలి లాగేసే గాజు పెట్టెలో చేతులు పెట్టి, రెండింటి మూతులూ ఊడదీసి ఒకదాని మూతి ఇంకొకదానికి బిగించింది. పాత మూతి పెట్టిన కొత్త మందు ఆవగింజలుగా రాలింది. కొత్త మూతి పెట్టిన పాత మందు పొగమంచై తేలింది.

మందు అదే. మూతి మారింది.

పెద్ద చుక్క ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. రెండు తుమ్ములకు బయటపడుతుంది. మంచులా నలిగిన చుక్క ఎక్కడా ఆగదు, ఊపిరితిత్తి అడుగున గాలి నిండే చివరి అర దాకా పోతుంది. ఆ అరలు లోపల తడిగా ఉంటేనే విచ్చుకుంటాయి. తడిని నిలవనివ్వకపోవడమే ఈ మందు పని. బూటు తోలు మీద చేసే పనే అక్కడా చేస్తుంది.

ఆమె మార్చి పన్నెండు నాటి కాగితాలు తిరగేసింది.

ఆ చేతిరాత ఆమెకు తన చేతిరాత కన్నా ముందు తెలుసు. ఐదేళ్ల వయసులో వేలు పట్టుకుని పలక మీద దిద్దించిన రాత. గుండ్రంగా, ఒక్కో అక్షరం పీట వేసుకుని కూర్చున్నట్టుండే రాత.

“పది గంటలు. గాలికి చెదిరింది. మళ్లీ కొట్టాను.”

“పదకొండు గంటలు. చెదిరింది. మళ్లీ.”

మర్నాడు: “ఎనిమిది గంటలు. కిటికీ మూశాక బాగా వచ్చింది.”

అత్తయ్య! తల్లి లేని తనను పెంచిన మేనమామ భార్య. ఆ కంపెనీకే పనికి వెళ్లేది, అక్కడ ఏం పనో తను ఏనాడూ అడగలేదు. రెండు నెలలకు పైగా ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో మంచం మీదున్న మనిషి. డాక్టరు ఉబ్బసమని మందులిస్తున్న మనిషి.

*

“సీలు పొడిగించాలి సార్,” అంది అనలిస్టు, రెండు కాగితాలూ క్లాజుగారి బల్ల మీద పరిచి.

ఆయన చూశాడు. భూతద్దం తీసి ఇంకోసారి చూశాడు. చివరికి గోడ వైపు తిరిగి, పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. “‘డబ్బాలోని ద్రవమును గాజుపాత్రలోనికి వంచి పరీక్షింపవలెను.’ వంచాం. పరీక్షించాం. బాగుంది.”

“జనం దాన్ని గాజుపాత్రలోకి వంచుకోవట్లేదు సార్. పీల్చుకుంటున్నారు.”

“నాకు అర్థం కాలేదనుకున్నావా అమ్మాయ్?” ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “ఆ రూలు రాసినప్పుడు ఈ మందు సీసాల్లో వచ్చేది. గుడ్డతో పూసుకునేవాళ్లు. ఆ కమిటీకి టీలు మోసినవాణ్ని నేను. ఒకరోజు దీన్ని గాల్లోకి కొడతారని అక్కడ ఒక్కరికీ తట్టలేదు. తర్వాత మార్చమని నాలుగుసార్లు రాశాను. నాలుగు ఉత్తరాలూ అందాయని జవాబైతే వచ్చింది.”

“మరి నాలుగింటికి చేతులు కట్టుకు చూస్తామా?”

క్లాజుగారు సొరుగు లాగి, చివర్లు నలిగిన పుస్తకం తీశాడు. వెతకలేదు. పుస్తకం దానంతటదే ఆ పేజీ దగ్గర తెరుచుకుంది.

“పంతొమ్మిదో క్లాజు. ప్రమాదం సంగతి తెలిసీ దాచారని ఆ సంస్థలో పనిచేసే మనిషే తన నోటితో చెబితే, పరీక్ష ఫలితంతో పని లేదు. సీలు తొంభై రోజులు. ముప్పై ఏళ్లలో ఒక్కరూ వాడలేదు. అన్నం పెట్టే చోటు మీద ఎవరు చెబుతారు చెప్పు?” కలం మూత తీసి పక్కన పెట్టుకున్నాడు. “నాలుగింటిలోపు ఫోన్ చెయ్యి. కాగితం ముందేసుకుని కూర్చుంటాను.”

తలుపు దాకా వెళ్లిన మనిషిని మళ్లీ పిలిచాడు.

“అమ్మాయ్. మీ మామయ్య ఆ కంపెనీలోనే చేస్తాడని మొదటిరోజే రాసిచ్చావు. గుర్తుందిగా?”

“గుర్తుంది సార్. నేను వెళ్లేది అత్తయ్య దగ్గరికి. ఈ కాగితాల మీద స్ప్రే కొట్టింది ఆవిడ. నాజిల్ ఎవరు మార్చారో ఆవిడకు తెలిసి ఉంటుంది.”

ఆయన తెల్లకాగితం ఒకటి ముందుకు లాక్కున్నాడు.

*

రెండో అంతస్తు మెట్లెక్కి తలుపు తట్టేసరికి స్కూటరు మీద వచ్చిన అనలిస్టు చీర కుచ్చిళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తలుపు తీసిన మామయ్య భుజాన ఎప్పటిలాగే ఒక పాత గుడ్డ ఉంది. ఇంట్లో ఏ కుళాయి చుక్క కారినా, ఏ తలుపు కిర్రుమన్నా నిద్రపట్టని మనిషి ఆయన. స్ప్రే కంపెనీలో డబ్బాలు నింపే లైనుకు ఇరవై రెండేళ్లుగా మేస్త్రి. భార్య మంచం పట్టినప్పటి నుంచి సెలవులో ఉన్నాడు.

“ఇదేం అవతారం పిచ్చుకా! గొడుగెక్కడ పారేశావు? ఉండు, తువ్వాలు తెస్తా.”

“అత్తయ్య లేచుందా?”

“ఇప్పుడే కళ్లు మూసుకుంది. పొద్దున రెండు ముద్దలు తిని, పులుసులో ఉప్పెక్కువైందని నన్ను తిట్టింది. తిట్టిందంటే ఇవాళ కాస్త బాగున్నట్టేలే.”

లోపలి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆక్సిజన్ మెషీను సన్నగా గుర్రుమంటోంది. ఆమె గొంతు తగ్గించి, సంచిలోంచి రెండు నల్లకాగితాలు తీసి భోజనాల బల్ల మీద పెట్టింది.

“మామయ్యా, ఇవి చూడు.”

ఆయన వంగి చూశాడు. ముట్టుకోలేదు.

“ఎక్కడివి?”

“కట్ట దారం తెగితే దొరికాయి. మార్చి పన్నెండున నాజిల్ మారింది. ఎవరు మార్చారు?”

“లైనన్నాక వంద మారుతుంటాయి. సరఫరావాడు ఇవాళ ఒకటిస్తాడు, రేపు ఇంకోటిస్తాడు. ఎవరు పెట్టుకుంటారమ్మా ఆ లెక్క?”

“నీకు తెలియకుండా నీ లైను మీద స్క్రూ తిరగదు. ఆ మాట అనేది నువ్వేగా?”

“నా మాట నాకే అప్పజెబుతున్నావా?” ఆయన నవ్వాడు. నవ్వు కళ్ల దాకా రాలేదు. “ఉండు, ముందు తల తుడుచుకో. జలుబు చేస్తుంది.”

ఆయన తువ్వాలు కోసం వెళ్లగానే ఆమె గంట ఎంతయిందా అని తలెత్తింది. గోడ గడియారం మూడు ఇరవై రెండు చూపిస్తోంది. ఏప్రిల్ నుంచి ఆ గడియారాన్ని ఆమె ఎన్నిసార్లు చూసిందో. అత్తయ్య మాత్రల వేళ చూసింది, ఆఫీసుకు వేళయిందని చూసింది. కింద అతికించిన ఇత్తడి రేకు మీద ఏం రాసుందో ఏనాడూ చదవలేదు.

ఇప్పుడు చదివింది.

“మార్చి నెల ఉత్తమ సూచన. ఫిల్లింగ్ లైను మేస్త్రిగారికి, యాజమాన్యం అభినందనలతో.”

తువ్వాలుతో వచ్చిన మామయ్య ఆమె ఎటు చూస్తోందో చూశాడు. తువ్వాలు ఆయన చేతిలోనే ఉండిపోయింది.

“ఏం సూచన మామయ్యా?”

వాన కిటికీ రేకు మీద టపటపా కొడుతోంది.

“మచ్చలు,” అన్నాడాయన చివరికి. “నల్లబూట్ల మీద తెల్ల మచ్చలు పడుతున్నాయని రెండేళ్లుగా దుకాణాలవాళ్లు డబ్బాలు తిప్పి పంపుతున్నారు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు మందు మార్చాలన్నారు. మందు కాదురా బాబూ, మూతి మార్చండి అన్నాను. మొక్కల ఆకుల మీద నీళ్లు చల్లే డబ్బా ఒకటి చూశాన్లే. దాని నాజిల్ తెచ్చి పెట్టాను. ఒక్క మచ్చ పడితే ఒట్టు! అందులో తప్పేముంది?”

“ఇరవై ఆరుమంది ఆసుపత్రిలో ఉన్నారు.”

“నేను మేస్త్రిని. డాక్టర్నా? పరీక్షించాల్సింది నీ ల్యాబు. బాగుందని పదకొండుసార్లు రాశావట కదమ్మా! ప్రభుత్వం ముద్రేసి మరీ రాశావట! ఇప్పుడొచ్చి నన్ను నిలదీస్తావా?”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

“రాశాను,” అంది. “రూలు వంచమంది, నేను వంచాను. జనం దాన్ని ఎలా వాడతారో ఒక్కసారీ ఆలోచించలేదు. నా తప్పు నేను ఒప్పుకుంటున్నా. రేపు అందరి ముందూ ఒప్పుకుంటా. నీకు తెలియకపోతే తెలియదని చెప్పు మామయ్యా. నాకు అదే కావాలి. నా మొహం చూసి ఒక్కసారి, తెలియదని చెప్పు.”

ఆయన ఆమె మొహం చూడలేదు. బల్ల మీద లేని తడిని భుజం మీది గుడ్డతో తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

“డాక్టరు అత్తయ్యకు ఉబ్బసం మందులిస్తున్నాడు,” అందామె. “ఇది ఉబ్బసం కాదు. ఏం పీల్చిందో తెలిస్తేగా దేనికి వైద్యం చెయ్యాలో ఆయనకు తెలిసేది. రెండు నెలల నుంచి మందుల చీటీ పట్టుకుని ఆయన దగ్గరికి నువ్వే వెళ్తున్నావు. ‘మా ఆవిడ ఏం పని చేసేది’ అన్న ముక్క ఎప్పుడైనా చెప్పావా?”

లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. పొడి దగ్గు. ఒకటి, రెండు, మూడు. ఒక్కో దగ్గుకు మామయ్య భుజాలు కొంచెం కొంచెం కిందికి దిగాయి. దగ్గు ఆగి మెషీను చప్పుడు మళ్లీ వినిపించింది.

ఆయన కుర్చీ లాక్కుని, దాని మీదికెక్కి, మేకు నుంచి గడియారం తీశాడు. బల్ల మీద బోర్లా పెట్టాడు. అప్పుడు కూర్చున్నాడు.

“ఎంతయింది?” అనడిగాడు.

ఆమె ఫోన్ చూసింది. “మూడు నలభై ఒకటి.”

“మీ సారుకి కలుపు.”

“మామయ్యా, నీ ఉద్యోగం పోతుంది. కేసు కూడా…”

“కలపమన్నానా? ఈ ఇంట్లో ఇన్నాళ్లూ నా మాటే విన్నావు. ఇంకొక్కసారి విను.”

ఆమె కలిపింది. ఫోన్‌ను స్పీకరులో పెట్టి ఇద్దరి మధ్యా ఉంచింది. అవతల మొదటి గంటకే ఎత్తారు.

“ఎవరు మాట్లాడుతున్నది?” క్లాజుగారి గొంతు. “ఏం పని చేస్తారు?”

“స్ప్రే కంపెనీ ఫిల్లింగ్ లైను మేస్త్రినండి. మీ దగ్గర పనిచేసే అమ్మాయికి మేనమామను.”

“ఎవరి బలవంతమూ లేదు కదా?”

“లేదండి. బలవంతం చేసేవాళ్లుంటే ఏప్రిల్‌లోనే చెప్పేవాణ్ని.”

అవతల కలం కాగితం మీద గీసుకున్న చప్పుడు.

“మీ మాటల్లోనే చెప్పండి. నేనొక్క అక్షరం మార్చను.”

మామయ్య రెండు అరచేతులూ బోర్లా తిప్పిన గడియారం మీద పెట్టాడు. లోపలి గది వైపు ఒకసారి చూశాడు. చెప్పడం మొదలుపెట్టాడు.

“మార్చి పన్నెండున నాజిల్ మార్చింది నేను. ఎవరూ మార్చమనలేదు. నా బుర్రలో పుట్టిందే. మచ్చ లేకుండా పడిన మొదటి కాగితాన్ని చూసి పండగ చేసుకున్నాను. కానీ ఆ మంచు గాలికి నిలవడం లేదు. కిటికీలోంచి కాస్త గాలొస్తే చాలు, కాగితం మీద చెదిరిపోయేది. కాగితం బాగా రాకపోతే నా నాజిల్ తీసేస్తారు. అందుకని కిటికీ మూశాను. ఉక్కపోస్తోందని ఆడవాళ్లు తెరిచేస్తుంటే, రెండు మేకులు కొట్టాను. ఆ గదిలో గంటకోసారి స్ప్రే కొట్టేది మా ఆవిడ. రోజుకి పదిసార్లు.

“ఏప్రిల్ రెండోవారంలో నాజిల్ చేసేవాళ్ల దగ్గర్నుంచి నా పేరిట ఉత్తరం వచ్చింది. ఇది నీళ్ల కోసం చేసింది, జిగురున్న మందులకు వాడొద్దు, మూసిన గదిలో పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయని రాశారు. మేనేజరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చదివి, ‘ఇది చట్టంలో ఉందా మేస్త్రీ?’ అన్నారు. లేదండీ అన్నాను. ‘అయితే ఈ ఉత్తరం రాలేదనుకో’ అని నా చేతికే ఇచ్చేశారు. నేనూ రాలేదనే అనుకున్నాను. ఆ వారంలోనే గడియారం ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ కూడా కొట్టింది. అప్పటికే దానికి దగ్గు మొదలైంది.

“తప్పు మేనేజరు మీదికి తోసెయ్యట్లేదండి. ఆయన లైను దగ్గరికి నెలకోసారి వచ్చి పోయే మనిషి. ఆ రెండు మేకులూ పీకడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. పీకితే ఎందుకు పీకావని అడుగుతారు. అడిగితే ఉత్తరం సంగతి చెప్పాలి. అందుకని పీకలేదు. ఉత్తరం చదివాక కూడా పంతొమ్మిది రోజులు మా ఆవిణ్ని నా స్కూటరు మీదే ఎక్కించుకెళ్లి ఆ గదిలో దింపాను. అది పడిపోయాక పరీక్ష బల్లను వరండాలోకి మార్పించాను. ఇంకో మనిషిని ఆ గదిలో కూర్చోబెట్టే ధైర్యం లేకపోయింది. అంటే నాకు తెలుసనేగా అర్థం? తెలిసీ డబ్బాలు పంపాను. ఇరవై ఆరుమందికీ పంపింది నేనే. రాసుకోండి.

“ఆ ఉత్తరం ఏదని మీరు అడుగుతారు. నా దగ్గర లేదండి. టిఫిన్ సంచి అడుగున దాచాను. ఒకరోజు చూస్తే సంచి ఉతికి తీగ మీద ఆరేసి ఉంది, ఉత్తరం లేదు. తడిసి పోయిందేమో, పీడా పోయిందనుకున్నాను. పోయిన నెల పక్క మారుస్తుంటే దొరికింది. మా ఆవిడ దిండు కింద, నాలుగు మడతలు పెట్టి. నేను చూశానని తెలియకుండా మళ్లీ అక్కడే పెట్టేశాను. ఇప్పుడూ అక్కడే ఉంది. అది చదివిందండి. అంతా తెలుసు దానికి. మందు వేస్తే మింగుతోంది, ముద్ద పెడితే తింటోంది, ఉప్పెక్కువైతే తిడుతోంది. ఇప్పటిదాకా దాని గురించి నన్ను ఒక్క మాట అడగలేదు.”